ఏడు గిన్నెలు, ఒక గ్లాసు

మా గురువుగారి దగ్గరికి ఎవరైనా ప్రశ్న పట్టుకుని వెళ్తే ఆయన వెంటనే జవాబు ఇవ్వరు. లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాడు కూడా వేసుకోవాలి. ఇద్దరూ కలిసి ఎక్కడికో వెళ్తారు, అక్కడ ఏదో ఒకటి జరుగుతుంది, తిరిగొచ్చేసరికి అడిగిన ప్రశ్న అడిగినవాడికే వేరేగా కనిపిస్తుంది. ఆయన పేరు చయనులు గారు. ముప్ఫై ఏళ్ళు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. సామర్లకోట స్టేషనుకి ఇవతల రెండు గదుల అద్దె వాటాలో ఉంటూ, ఆదివారం పొద్దున్న మా పదిమందికీ ఉపనిషత్తు చెప్తారు. నాది పెయింట్ల కొట్టు. ఈ మాట ముందే చెప్పెయ్యడం మంచిది, లేకపోతే తర్వాత మీరే నన్ను తిట్టుకుంటారు.

కిందటేడు జ్యేష్ఠమాసంలో ఒక ఆదివారం పాఠం అయిపోయాక పేర్రాజు లేవకుండా కూర్చుండిపోయాడు. పేర్రాజు హైస్కూల్లో లెక్కల మాస్టారు, నాకు చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. వాడు కదలకపోతే నేనూ కదల్లేదు.

“గురువుగారూ, పాత పెంకుటిల్లొకటి బేరానికొచ్చింది. కొని బాగుచేయించుకుందామని ఉంది. మా తాహతుకి తూగుతుందో లేదో మీరు చెప్పాలి,” అన్నాడు.

అంటూనే జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి పరిచాడు. పైన డబ్బు వచ్చే దారులు రాసుకున్నాడు. బ్యాంకు అప్పు, చీటీ పాట, మంగతాయారు బంగారం. మంగతాయారు వాడి భార్య, గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. కింద చేయించాల్సిన పనులు వరసగా ఉన్నాయి. వీధి తలుపు జరపడం, వంటింట్లో గ్రానైటు గట్టు, కొత్త గేటు, రంగులు. అన్నిటికన్నా అడుగున, ‘రెండో విడత’ అని రాసి దాని పక్కన కప్పు. ఇంతా చేస్తే వాళ్ళ దగ్గర ఇంకేమీ మిగలదు. ఇద్దరు పిల్లలు. పదిహేనేళ్ళ పాటు నెలనెలా వాయిదా కట్టాలి. ఏదైనా తేడా వస్తే చెయ్యి చాచడానికి కూడా మనిషి లేడు.

వాడి ఆత్రం మాత్రం అర్థం చేసుకోదగ్గదే. వాళ్ళుండే అద్దింటి యజమాని గోడకి మేకు కొట్టనివ్వడు. చుట్టాలొచ్చి రెండు రోజులుంటే మూడో రోజు మోటారు కట్టేస్తాడు. పిల్లకి బడిలో మొదటి బహుమతిగా ఇచ్చిన ఫోటో ఫ్రేము రెండేళ్ళుగా మంచం కింద పడి ఉంది. అలాంటి కొంపలో ఉన్నవాడికి ఎలాంటి పాతిల్లయినా రాజమహల్లాగే కనిపిస్తుంది మరి.

“ఇల్లు ఎవరెవరు చూశారు?” అని అడిగారు గురువుగారు.

“అందరూ చూశారండీ. మేస్త్రి చూసి, దూలాలకి ఇంకో యాభయ్యేళ్ళు ఢోకా లేదన్నాడు. సిద్ధాంతిగారు చూసి, వీధి తలుపు రెండడుగులు తూర్పుకి జరిపితే ఇక తిరుగులేదన్నారు. వీడు చూశాడు,” అని నన్ను చూపించాడు.

నేనూ చూసిన మాట నిజమే. గోడలు భేషుగ్గా ఉన్నాయిరా, రెండు కోటింగులు కొట్టిస్తే కొత్తిల్లే అని కూడా అన్నాను. రంగు డబ్బాలు ఎవరి కొట్లోంచి వెళ్తాయో మీకు వేరే చెప్పక్కర్లేదు కదా!

“మరి మీ ఆవిడ?”

“తనకి ఇవన్నీ పట్టవు గురువుగారూ. డ్యూటీతోనే సరిపోతుంది పాపం. నేను చూసుకుంటానని తనకి చెప్పాను.”

గురువుగారు లేచారు, చెప్పులు వేసుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి, ఎండలో తెల్లగా మెరుస్తున్న ఆకాశాన్ని ఓసారి చూసి, చెప్పులు విప్పేసి వెనక్కొచ్చారు. ఆయన అలా వెనక్కి రావడం నేనెప్పుడూ చూడలేదు.

“ఇవాళ కాదు. మబ్బు పట్టిన రోజు కబురంపుతాను. మంగతాయారుని కూడా తీసుకురా,” అన్నారు.

పేర్రాజు గిలగిల్లాడిపోయాడు. ఆషాఢం వచ్చేలోగా బయానా ఇవ్వకపోతే ఇంకో పార్టీకి ఇచ్చేస్తానని బ్రోకరు పీకల మీద కూర్చున్నాడు. పది రోజుల్లేవు. ఈయనేమో వాన కోసం ఎదురుచూడమంటారు! దారి పొడుగునా నా దగ్గర గొణిగాడు. నేనూ వాడికి వంత పాడాను.

గురువారం మధ్యాహ్నం కాకినాడ వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. గురువుగారు మా కొట్టు ముందు రిక్షా దిగి, “పద,” అన్నారు. కొట్టు కుర్రాడికి అప్పగించి బయల్దేరాను. మేం వెళ్ళేసరికి పేర్రాజూ మంగతాయారూ ఆ ఇంటి అరుగు మీద నిలబడి ఉన్నారు. ఆవిడ రాత్రి డ్యూటీ చేసి వచ్చి, కాస్త కునుకు తీసి లేచినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఇల్లమ్మేవాళ్ళ ఆవిడ పేరు వరహాలమ్మ. యాభై అయిదేళ్ళుంటాయి, మనిషి కలుపుగోలు. భర్త రైసు మిల్లుకి వెళ్ళాడు. కాకినాడలో అపార్టుమెంటు తీసుకున్నారట, అందుకని దీన్ని అమ్మేస్తున్నారు. మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టి స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చింది. ఇల్లు నిజంగానే ముచ్చటగా ఉంది. ఎత్తయిన గోడలు, నున్నటి ఎర్ర సిమెంటు గచ్చు, కిటికీలోంచి చల్లటి గాలి.

“ఏమ్మా, ఇల్లు నచ్చిందా?” అని అడిగారు గురువుగారు.

మంగతాయారు ఎదుటి గోడకేసి చూస్తోంది. ఆ గోడ నిండా పటాలే. “ఇక్కడ మేకు కొట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు కదండీ,” అంది. ఆ మాట వినగానే నాకు ఎలాగైనా ఈ ఇల్లు వాళ్ళకి దక్కితే బాగుండును అనిపించింది. ఈసారి రంగు డబ్బాల కోసం కాదు, ఒట్టు.

“తలుపులు చూశారా, బర్మా టేకండీ. ఇప్పుడు పెట్టాలంటే ఎక్కడ దొరుకుతుంది?” అని వరహాలమ్మ మొదలుపెట్టింది. బయట వెలుతురు తగ్గింది. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూనే లేచి పెరట్లోకి వెళ్ళింది. “మా పెద్దాడు ఈ తలుపు పట్టుకుని ఊగేవాడు, బందు కూడా కదల్లేదు,” అంటూ ఒక ఇత్తడి బిందె తెచ్చి బీరువా పక్కన పెట్టింది. “నీళ్ళంటారా, నూతిలో ఎండాకాలం కూడా నిండా ఉంటాయి,” అంటూ ఒక సత్తు గిన్నె మంచం తలవైపు పెట్టింది. బకెట్టు గడప లోపల, పాత నూనె డబ్బా కుట్టుమిషను దగ్గర. అలా ఏడు. ఎక్కడా తడుముకోలేదు, ఒక్కసారి కూడా తలెత్తి కప్పుకేసి చూడలేదు. మేము ఆవిడ మాటలు వింటున్నాం గానీ ఆవిడ చేతులు ఏం చేస్తున్నాయో ఎవరం పట్టించుకోలేదు.

అంతలో ఫెళ్ళున ఉరిమింది. వాన దబదబా దిగింది. ఒక నిమిషం గడిచిందో లేదో, బిందెలో టప్పుమంది. తర్వాత గిన్నెలో, బకెట్టులో, డబ్బాలో. ఏడింటిలోనూ, సరిగ్గా మధ్యలో.

వరహాలమ్మ మాట ఠక్కున ఆగిపోయింది. తను చేసిన పని తనకి అప్పుడే తెలిసినట్టుంది. నాలిక కరుచుకుని, “అయ్యో నా మతి మండా! బేరానికొచ్చినవాళ్ళ ముందు ఆ గిన్నెలు తియ్యొద్దని ఆయన లక్ష చెప్పి వెళ్ళారండీ. మబ్బేస్తే చాలు, చేతులు వాటంతట అవే వెళ్ళిపోతాయి,” అని నవ్వేసింది. మాకూ నవ్వొచ్చింది. కాసేపటికి ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పేర్రాజు మాత్రం కాగితం తీశాడు. “ఫరవాలేదండీ, నాలుగు పెంకులు పగిలి ఉంటాయి. కప్పు సంగతి నేను రాసుకున్నాను. రెండో విడతలో చేయించేస్తాం.”

“మేమూ అలాగే అనుకున్నాం బాబూ,” అంది వరహాలమ్మ. “ఇది మా తాతల నాటి ఇల్లేం కాదు, మీలాగే కొనుక్కున్నాం. పాతది, బాగుచేయించుకుందాంలే అనుకుని వచ్చాం. మా ఆయన ముందు తలుపన్నారు, గట్టన్నారు, గేటన్నారు. అవన్నీ అయ్యేసరికి చేతిలో ఏమీ లేదు. కప్పు పెద్దపని కదా, వచ్చే ఏడు చూద్దామన్నారు. పంతొమ్మిదేళ్ళయింది.”

ఆ మాట అయ్యేసరికి ఎనిమిదో చుక్క పడింది. గురువుగారికీ పేర్రాజుకీ మధ్య, గచ్చు మీద. అది కొత్త కారుడట, వరహాలమ్మ కూడా ఎరగదు. పేర్రాజు తలెత్తాడు. నేనూ తలెత్తాను. వాసం దగ్గర్నుంచి కారుతోందని వాడన్నాడు, కాదు రెండు పెంకుల సందులోంచి అని నేనన్నాను. మేస్త్రిని ఎక్కిస్తే గంటలో పని అన్నాడు. అంత తేలిక్కాదు, మొత్తం దింపి నేయించాలి అన్నాను. మెడలు నొప్పెట్టేదాకా వాదించుకున్నాం.

ఉన్నట్టుండి చప్పుడు మారింది. గచ్చు మీద పడే చుక్క టంగుటంగుమంటోంది. కిందికి చూస్తే అక్కడ స్టీలు గ్లాసు ఉంది. మంగతాయారు మిగిలిన కాఫీ గుక్కలో తాగేసి, గ్లాసు అక్కడ పెట్టి, చుక్క సరిగ్గా మధ్యలో పడేలా రెండంగుళాలు జరిపి, తడిసిన గచ్చుని చీరచెంగుతో తుడిచి, మళ్ళీ తన చోట కూర్చుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. వరహాలమ్మ ఆవిడకేసి అదోలా చూసింది. గురువుగారు మొదటి నుంచీ చూస్తూనే ఉన్నారని నాకప్పుడు తెలిసింది.

గంటకి వాన వెలిసింది. మేము లేచాం. మంగతాయారు ఆ గ్లాసు తీసుకెళ్ళి పెరట్లో పారబోసి, మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టింది. కప్పు ఇంకా కారుతూనే ఉంది మరి. చూరు నీళ్ళు దాటుకుంటూ వీధిలోకొచ్చాం. పిల్లలు బడి నుంచి వచ్చే వేళయిందని ఆవిడ కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, బురద తప్పించుకుంటూ ముందు నడిచింది. మేం ముగ్గురం వెనకపడ్డాం.

మలుపు దగ్గర పేర్రాజు ఇక ఆగలేకపోయాడు. వాడి మొహం చూస్తే జాలేసింది. కాగితం చేతిలో తడిసి ముద్దయింది.

“గురువుగారూ, మేస్త్రిని అడిగాను, సిద్ధాంతిని అడిగాను, బ్యాంకులో అడిగాను, వీణ్ణి అడిగాను. మీరొక్క మాట చెప్పండి. ఈ ఇల్లు నేను కొనగలనా, లేదా?”

గురువుగారు చెప్పుకంటిన బురదని రాయికేసి రుద్దుకున్నారు. తర్వాత వీధి చివరకేసి గడ్డం ఎత్తి చూపించారు.

“నన్నెందుకయ్యా అడుగుతావు? గ్లాసు పెట్టిన మనిషి అదిగో, ముందు నడుస్తోంది.”