దివాన్ గారి వైఫై తాళం

వరహాలమ్మకు యాభై రెండేళ్లు. టీ ఎవరిచ్చినా నిలబడే తాగుతుంది.

జీడికొండ సంస్థానంలో ఆమె మంత్రసాని. రాజ్యాలు పోయాయని ఢిల్లీవాళ్లు ఎప్పుడో ప్రకటించారు గానీ, సిగ్నల్ లేక జీడికొండకు ఆ కబురు అందలేదు. ఈమధ్యే రాజావారు మేడమీద గొడుగంత డిష్షు పెట్టించి కోటలోకి వైఫై తెచ్చారు. నెలలు నిండినవాళ్లను కోట వసారాలో కూర్చోబెట్టి, వరహాలమ్మ పట్నం డాక్టరమ్మకు వీడియోలో చూపించేది.

ఒకరోజు రాజావారు చూస్తున్న సినిమా సగంలో ఆగిపోయింది.

"ఊరంతా నా నెట్టు మీదపడి మేస్తోంది! దీనికి తాళం వేసేవాడే లేడా?"

"నేను లేనా ప్రభూ!" అంటూ దివాన్ ఫణిభూషణరావు పాస్‌వర్డు మార్చేశాడు. "ఇక చీమైనా దూరలేదు. ఆడవాళ్లకు అసలే చెప్పకూడదు. వాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు."

వసారా బోసిపోయింది. ఊళ్లో ముగ్గురికి నెలలు నిండాయి. వరహాలమ్మ నేరుగా రాజావారి దగ్గరికే వెళ్లింది.

"ప్రభూ, ఆ తాళం నేను తీస్తే?"

రాజావారికి పందెమంటే ప్రాణం. "పొద్దుగూకేలోగా తీస్తే నెట్టు పెత్తనం నీదే. తియ్యలేకపోతే నువ్వూ నీ గర్భిణులూ కోట గడప తొక్కొద్దు."

దివాన్ పకపకా నవ్వాడు. "పురుడు పోయడమనుకున్నావా వరహాలూ?"

"లేదు బాబూ. పురుడంటే కష్టమైన పని."

మధ్యాహ్నానికల్లా కొలువులో మైకు, దండ, జరీ శాలువా సిద్ధం. అన్నీ రాణీవారు సమకూర్చారు. తిరుగులేని తాళం వేసిన దివాన్ గారికి ఆడవాళ్ల తరఫున సన్మానమట! 'అంతర్జాల దుర్గపాలక' బిరుదట!

శాలువా పడగానే దివాన్ భుజాలు వెడల్పయ్యాయి. శాలువా కప్పుకున్న మగవాడి చేతికి మైకు వచ్చాక ఆపడం ఎవరి తరం?

"ఇంత గొప్ప పాస్‌వర్డు ఎలా పుట్టిందో మాబోటివాళ్లకు కాస్త విప్పి చెప్పండి బాబూ," అంది వరహాలమ్మ.

"అదా! ముందు మా తాతగారి పేరు, నరసభూపతి. మహానుభావుడు! పక్కన నా నక్షత్రం, విశాఖ. చివర నేను గెలిచిన కోడిపందేలు, నలభై ఒకటి. ఎవరికి తడుతుంది చెప్పండి?"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలోంచి ఒక ఆడగొంతు:

"ఏమండీ వరహాలమ్మగారూ, ఇన్నాళ్లూ కనిపించలేదే?"

వరహాలమ్మ ఫోన్లో డాక్టరమ్మ నవ్వుతోంది.

రాజావారు సింహాసనం దిగి వచ్చి ఫోన్లోకి తొంగిచూశారు. "తాళం ఎలా తీశావే?"

"నేను తాళం ముట్టుకోలేదు ప్రభూ. శాలువా కప్పానంతే. తాళంచెవి ఆయనే మైకులో ఇచ్చారు."

"ఓరి దేవుడా!" అన్నాడు దివాన్. మైకు ఇంకా చేతిలోనే ఉండటంతో ఆ మాట కోటంతా మారుమోగింది. రాణీవారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. రాజావారు పొట్ట పట్టుకుని నవ్వి, పెత్తనం అక్కడికక్కడే వరహాలమ్మకు అప్పగించారు.

"మరి నా సినిమా?"

"కోటకో దారి, ఊరికో దారి వేస్తాను. దేని పాస్‌వర్డు దానిదే. మీది మీకు చెప్తాను ప్రభూ. కానీ మీరిక సన్మానాలకు వెళ్లకూడదు."

తర్వాత వరహాలమ్మ అమావాస్య అమావాస్యకూ పాస్‌వర్డు మార్చింది. దివాన్‌కు ఒక్కసారి కూడా చెప్పలేదు.