మాస్టారు రోజూ అడిగే ప్రశ్న

పాండురంగారావు బందరు బస్టాండులో దిగేసరికి ఉదయం ఆరున్నర. చంకలో లావాటి ఫైలు, చొక్కా జేబులో మడతపెట్టిన రాజీనామా ఉత్తరం. ఆ ఉత్తరం జీవరత్నం మాస్టారికి చూపించి, ఆయన చేత సరే అనిపించుకుని, హైదరాబాదుకి ఆ మాట చెప్పేస్తే పీడ వదులుతుంది. అదీ అతని ఆలోచన.

అతని ఉద్యోగం ఏమిటో విన్నవాళ్ళు ముందు నవ్వుతారు. ఆటలు చూడ్డమూ ఒక ఉద్యోగమేనా, మాకూ ఇప్పించవయ్యా అంటారు. సంగతేమిటంటే, హైదరాబాదులో జీతాలిచ్చి ఆటగాళ్ళని పెట్టుకునే బాస్కెట్‌బాల్ జట్టు ఒకటుంది. అలాంటి జట్లు మొత్తం ఎనిమిది. ఏడాదికోసారి ఎనిమిది జట్లవాళ్ళూ ఒకచోట చేరి, కాలేజీ కుర్రాళ్ళ జాబితా ముందు పెట్టుకుని, వంతులవారీగా ఒక్కొక్కణ్ణి ఏరుకుంటారు. దానికి డ్రాఫ్ట్ అని పేరు. తమ వంతు వచ్చినప్పుడు ఏ పేరు పలకాలో పాండురంగారావు చెప్పాలి.

అందుకోసం ఏడాది పొడుగునా అనంతపురం నుంచి ఇచ్ఛాపురం దాకా కాలేజీ గ్రౌండ్ల చుట్టూ తిరుగుతాడు. కుర్రాడి ఎత్తెంత, రెండు చేతులూ చాపితే ఎంత, వేళ్ళకి సుద్ద పూసుకుని గోడ పక్కన ఎగిరితే మరక ఎక్కడ పడింది, ఓడిపోతున్నప్పుడు మొహం ఎలా పెట్టాడు, అన్నీ రాస్తాడు.

ఈ విద్య నేర్పింది జీవరత్నం మాస్టారే. కాలేజీలో ఆటల మాస్టారుగా చేసి, యూనివర్సిటీ జట్టుకి ఆటగాళ్ళని ఎంపిక చేసిన మనిషి. పాండురంగారావు పన్నెండేళ్ళు ఆయన పక్కన సిమెంటు మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన పాఠం అంతా కలిపి ఒక్క మాటే. “వాణ్ణి చూశావా?” అనేవారు. ఏం చూడాలో చెప్పేవారు కాదు.

ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. అతను వెళ్ళేసరికి భుజాన తువాలు వేసుకుని గేటు దగ్గర చెప్పులు తొడుక్కుంటున్నారు.

“ఏరా పాండూ, ఇలా చిక్కిపోయావేం? పద, గడ్డం గీయించుకుని వద్దాం.”

“మీతో మాట్లాడాలి మాస్టారూ. పదకొండింటిలోగా అయిపోవాలి.”

“నాంచారయ్య దగ్గర మాట్లాడదాం. ఏడు దాటితే వాడి చేత మాట పడాలి.”

ఈడేపల్లిలో అదొక రెండు కుర్చీల సెలూను. అందులో ఒక కుర్చీకి వీపు విరిగింది. నాంచారయ్య ఆరడుగుల మూడంగుళాల మనిషి, నలభై మూడేళ్ళుంటాయి. ఆ చిన్న గదిలో ఫ్యాను కిందుగా వెళ్ళేటప్పుడల్లా తల వంచుకుని వెళతాడు.

“ఏడు దాటి రెండు నిమిషాలు సార్. ఫౌల్,” అన్నాడు గుమ్మంలోనే.

“వయసైపోయిందిరా.”

“నాకు చెప్తే ఏం లాభం? రిఫరీకి చెప్పుకోండి. కూర్చోండి, కూర్చోండి.”

మాస్టారు బాగున్న కుర్చీలో తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు. నాంచారయ్య బ్రష్షు తడిపి నురుగు పట్టించడం మొదలుపెట్టాడు. పాండురంగారావు కళ్ళు అలవాటుకొద్దీ అతని చేతుల మీదికి పోయాయి. పొడుగాటి వేళ్ళు. బంతిని ఒంటిచేత్తో పట్టగలవు. అలా అనుకున్న మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. గడ్డం గీసేవాడి చేతుల్ని కూడా కొలుస్తున్నాడా!

ఇక ఆగలేకపోయాడు. మాస్టారి మొహం నిండా నురుగుంది. ఆయన మధ్యలో అడ్డం రావడానికి లేదు. చెప్పేశాడు.

“మూడేళ్ళలో ముగ్గుర్ని తీసుకున్నాం మాస్టారూ. ముగ్గురూ నేను చెప్పినవాళ్ళే. మొదటివాడికి మోకాలు పోయింది. సరే, అది ఎవరి చేతిలోనూ లేదు. రెండోవాడు ఇంటిమీద బెంగతో మూడు నెలల్లో పారిపోయాడు. కిందటేడు తీసుకున్నది పాలకొల్లు కుర్రాడు, నరహరి. చదువు మధ్యలో మానేయించి మరీ తీసుకెళ్ళాం. సీజను మొత్తం మీద పద్నాలుగు నిమిషాలు ఆడించారు. ఆ తర్వాత వద్దు పొమ్మన్నారు. ఇంట్లో ఓ మూల కూర్చున్నాడట. అన్నం పెడితే తింటాడు, లేకపోతే లేదు. ఎవరితోనూ మాట్లాడ్డం లేదు.”

“ఊఁ,” అన్నారు మాస్టారు నురుగులోంచి.

“సోమవారం వాళ్ళమ్మ ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. ‘అయ్యా, మావాడిలో మీకేం కనబడిందండీ? మీకు కనబడింది ఏదో మాకూ చెప్తే, వాడికి చెప్పుకుంటాం’ అంది.”

బ్రష్షు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

“ఏం చెప్పావు?” అన్నారు మాస్టారు.

“ఫోను పెట్టేశాను మాస్టారూ. ఫైలు తీసి చూశాను. వాడి గురించి పదకొండు పేజీలు రాశాను. పదకొండు పేజీల్లో ఆవిడకి చదివి వినిపించడానికి ఒక్క మాట లేదు. అప్పట్నుంచీ ఎవణ్ణి చూసినా నాకేమీ కనబడ్డం లేదు. ఇవాళే డ్రాఫ్ట్. పదకొండింటికి వాళ్ళు ఫోన్ చేస్తే కడప కుర్రాడో, టెక్కలి కుర్రాడో, ఒక పేరు చెప్పాలి. చెప్పలేను. ఎవరి పేరు చెప్పినా వాడి కొంప ముంచినట్టే. అందుకని మానేస్తున్నాను.”

జేబులోంచి ఉత్తరం తీసి మాస్టారి చేతిలో పెట్టాడు.

మాస్టారు కళ్ళు తెరవలేదు. ఉత్తరాన్ని మడత విప్పి ఎడమ అరచేతిలో పరుచుకున్నారు, అంతే.

నాంచారయ్య కత్తిలో కొత్త బ్లేడు పెట్టి, ఒక చెంప సగం గీసి, కత్తి తుడవడానికి అటూ ఇటూ చూశాడు. “ఇవాళ ఇంకా పేపరు పడలేదు సార్. పాత ముక్కలు కూడా అయిపోయాయి.”

మాస్టారు అరచేయి పైకెత్తారు.

నాంచారయ్య ఆ కాగితం వంక చూశాడు, పాండురంగారావు వంక చూశాడు. కత్తికున్న నురుగు ఉత్తరం మీద తుడిచాడు.

“మాస్టారూ! అది…”

“గొంతు దగ్గర కత్తి ఉన్నప్పుడు గట్టిగా అరవకూడదండీ,” అన్నాడు నాంచారయ్య.

రెండో చెంప గీశాడు, తుడిచాడు. గడ్డం కింద గీశాడు, తుడిచాడు. నాలుగు రోజులు కూర్చుని, కొట్టేసి, మళ్ళీ రాసిన ఉత్తరం. అక్షరాలు తడిసి నీలంగా అలుక్కుపోతుంటే పాండురంగారావు చూస్తూ ఉండిపోయాడు. కోపం తెచ్చుకుందామన్నా ఒంట్లో ఓపిక లేదు.

అప్పుడు మాస్టారు, రోజూ పొద్దున్నే కాఫీ అయిందా అని అడిగినట్టు, మామూలుగా అడిగారు. “నాంచారయ్యా, ఆవేళ బంతి ఎందుకిచ్చేశావురా?”

“నిన్నేం చెప్పాను సార్?”

“భయమేసిందన్నావు.”

“మొన్న?”

“వాడికి ఉద్యోగం అవసరం, నలుగురు చెల్లెళ్ళున్నారు, అందుకని ఇచ్చానన్నావు.”

“అయితే ఇవాళ ఎండ కళ్ళలో పడిందని రాసుకోండి.”

పాండురంగారావు ఇద్దర్నీ మార్చిమార్చి చూశాడు. నాంచారయ్యే విడమరిచి చెప్పాడు. చెప్పడం అతనికి సరదాగానే ఉన్నట్టుంది. “ఇరవై రెండేళ్ళ కిందటి మాటండీ. నేను డిగ్రీ చదివేవాణ్ణి. యూనివర్సిటీ జట్టుకి సెలెక్షను మ్యాచి. జట్టులోకి వెళ్ళామా, రైల్వేలో ఉద్యోగం వచ్చినట్టే. ఆఖరి రెండు నిమిషాల్లో రింగు కింద మూడుసార్లు నా చేతికి బంతి వచ్చింది. ఎదురుగా నరపురుగు లేడు. మూడుసార్లూ పక్కవాడికి పాస్ ఇచ్చేశాను. ఈ సారు మెట్ల మీద కూర్చుని చూస్తున్నారు. నా పేరు పక్కన ఒక్క మాట రాశారు. ‘బెదురు’ అని. అంతే, వాడు రైలెక్కాడు, నేను మా నాన్న కుర్చీ దగ్గరికొచ్చాను.”

“రాసింది మాస్టారని మీకెలా తెలిసింది?”

“ఆయనే చెప్పారు. నెల తిరక్కుండా ఇక్కడికొచ్చి, ఇదే కుర్చీలో తల వెనక్కి పెట్టి, ‘నీ పేరు కొట్టేసింది నేనేరా’ అన్నారు. చేతిలో కత్తి ఉన్నవాడితో చెప్పే మాటేనా అండీ అది!”

నాంచారయ్య నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. పాండురంగారావుకీ నవ్వు రాలేదు. ఎందుకో ఒళ్ళు మండింది. తనిక్కడ మునిగిపోతుంటే ఈ మనిషికి ముసలాయనతో రోజుకో ఆట!

“అసలు నిజం చెప్పవచ్చుగా! ఎందుకిచ్చారు బంతి?”

నాంచారయ్య చేయి ఆగింది. కత్తి గాలిలోనే ఉంది.

“తెలీదండీ,” అన్నాడు. “మొదట్లో తెలిసేది. ఇన్నిసార్లు చెప్పి చెప్పి, ఏది జరిగిందో ఏది నేను అల్లుకున్నానో నాకే తెలీకుండా పోయింది. భయపడే ఇచ్చానేమో. సారు రాసిందే నిజమేమో.”

“కాదేమో కూడా,” అన్నారు మాస్టారు.

“కాదేమో కూడా.”

“మిమ్మల్ని తీసుకుని ఉంటే ఎలా ఉండేదో?” అనేశాడు పాండురంగారావు. అలవాటైన ప్రశ్న. ఆఫీసులో రోజుకి పదిసార్లు అనుకునేదే. వీణ్ణి తీసుకుంటే ఎలా ఉంటుంది, వాణ్ణి తీసుకుని ఉంటే ఎలా ఉండేది.

నాంచారయ్య కత్తి మడిచి బల్ల మీద పెట్టాడు.

“ఆ మాట మాత్రం సారు ఎప్పుడూ అడగరండీ,” అన్నాడు నాంచారయ్య నెమ్మదిగా. నీళ్ళ గిన్నె తీసుకుని, ఫ్యాను కింద తల వంచుకుని, పెరట్లోకి వెళ్ళిపోయాడు. చాలాసేపు రాలేదు. గిన్నెడు నీళ్ళు పారబోయడానికి అంతసేపు పట్టదు.

పాండురంగారావుకి తల ఎత్తాలనిపించలేదు. ఎత్తితే ఎదురుగా అద్దం. అందులో తను, తన ఒళ్ళో ఫైలు. గొంతు మీద ఇంకా నురుగుతో మాస్టారు కదలకుండా కూర్చున్నారు. కత్తి ఎప్పుడు తిరిగొస్తే అప్పుడే అన్నట్టు గొంతు పైకి చాచి, కళ్ళు మూసుకుని.

నాంచారయ్య తిరిగొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం కడుక్కున్నాడు. ఏమీ జరగనట్టు మిగతాది గీశాడు. పటిక రాశాడు. తువాలుతో తుడిచాడు.

అప్పుడే పాండురంగారావు ఫోను మోగింది. పదకొండు అన్నవాళ్ళు ఎనిమిది కాకుండానే చేశారు. అవతల మేనేజరు తొందరలో ఉన్నాడు. “ఏమండీ, తేలిందా? పేరు చెప్పండి, ఇక్కడ అందరూ అడుగుతున్నారు.”

పాండురంగారావు మాస్టారి వంక చూశాడు. ఆయన అద్దంలో చెంప తడుముకుంటున్నారు. నాంచారయ్య తడిసిన ఉత్తరాన్ని ఉండగా చుట్టి, కత్తిరించిన జుట్టు పోసే డబ్బాలో వేస్తున్నాడు.

“టెక్కలి కుర్రాడు. లోకనాథం,” అన్నాడు.

“గ్యారంటీయేనా?”

“కాదు,” అన్నాడు పాండురంగారావు. “రాసుకోండి.”

ఫోను జేబులో పెట్టుకున్నాడు. బరువు తగ్గినట్టేమీ అనిపించలేదు. కడప కుర్రాడొకడు ఇంకో గంటలో నిద్ర లేచి, సాయంత్రం దాకా ఫోను వంక చూస్తూ కూర్చుంటాడు. ఆ సంగతి కూడా వచ్చి ఇంకాస్త బరువెక్కింది.

మాస్టారు కుర్చీ దిగారు. “పాలకొల్లు వెళ్ళాలంటే నరసాపురం బస్సెక్కాలి. తొమ్మిదింటికుంది,” అన్నారు.

పాండురంగారావు ఫైలు వంక చూశాడు. “వెళ్ళి ఏం చెప్పను మాస్టారూ? ఆ పిల్లాడిలో ఏం చూశానో నాకే గుర్తు లేదే!”

“అదే చెప్పు.”

“ఆవిడ నా మొహం మీదే తలుపేసేస్తే?”

“అరుగుంటుందిగా.”

పాండురంగారావు ఫైలు చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

“ఎంతసేపు కూర్చోవాలి మాస్టారూ?”

మాస్టారు తువాలు దులిపి భుజాన వేసుకున్నారు. నాంచారయ్య కుర్చీ తుడుస్తున్నాడు.

“నేనీ కుర్చీలో కూర్చోబట్టి ఇరవై రెండేళ్ళయింది,” అన్నారు.