ఓబన్న తుపాకి, వైద్యుడి చీటీ

ఓబన్న వేరుశనగ చేను అడవిపందుల దారిలో ఉంది. ఆయన తుపాకి పట్టాకు ఆ రోజే ఆఖరి గడువు. సాయంత్రంలోగా కొత్త పట్టా రాకపోతే తుపాకి దివాణానికి, చేను పందులకు. కళ్లు, చేతులు బాగున్నాయని వైద్యుడి చీటీ తెమ్మన్నాడు దివాను.

వైద్యుడు చిట్టా అంతా తిరగేశాడు. "నీ పేరే లేదు కదయ్యా! నేను మందిచ్చినవాళ్లకే చీటీ రాస్తాను. జబ్బు చేశాక రా."

"జబ్బు చేస్తే పట్టా ఇవ్వరు కదండీ?"

"అది దివానుగారి సంగతి."

దివానేమో అది వైద్యుడి సంగతి అన్నాడు. ఓబన్న నాలుగుసార్లు తిరిగాడు. మా ఊళ్లో ఎవరికీ ఇది అర్థం కాలేదు. అర్థమైందన్న కరణంగారికి అసలే అర్థం కాలేదు.

సాయంత్రం ఓబన్న తుపాకి తెచ్చి దివాను చేతుల్లో పెట్టాడు.

"గడువు తీరిందయ్యా. ఇక తుపాకి మీ దగ్గరే ఉంటుంది కాబట్టి చీటీ మీకే కావాలి. మీకేం, చిట్టాలో ప్రతి పుటలోనూ మీ పేరుందట. వైద్యుడు మీ జబ్బులు చీటీలో రాసి రాజుగారికి పంపడమే తరువాయి."

దివానుకు కంటిపొర, చేతివణుకు ఉన్నాయని రాజుగారికి తప్ప ఊరందరికీ తెలుసు. ఆయన వెంటనే వైద్యుణ్ణి పిలిపించాడు.

"చిట్టాలో ఇతని పేరు లేదంటే జబ్బు లేదనేగా! అదే రాయవయ్యా!"

చీటీ పూర్తయ్యేదాకా తుపాకి దివాను చేతుల్లోనే, వైద్యుడి వైపే ఊగుతూ ఉంది. వైద్యుడు అంత వేగంగా రాయడం మేమెప్పుడూ చూడలేదు.