పళ్ళెం తోముకున్నవాళ్ళకే

రక్తం కావాలన్నవాళ్ళను ఇచ్చేవాళ్ళతో కలిపే సైటు రెహానాది. ఎవరూ నేర్పకుండా, జలాల్ బాబా చూసుకునే దర్గా వెనకగదిలో కూర్చుని తానే కట్టుకుంది. ఆ పొద్దున ఎవరో దాని మీదికి దొంగ అభ్యర్థనలు వదిలారు. నిమిషానికి లక్ష. సర్వర్ ఊపిరాడక గిలగిల్లాడింది.

తొమ్మిదింటికి రెహానా పళ్ళు కొరికి సైటు మొత్తం మూసిపారేసింది. మధ్యాహ్నం బాబా దగ్గరికొచ్చింది.

"ఒక్కణ్ణి కూడా లోపలికి రానివ్వలేదు బాబా!"

బాబా దర్గా ముందు వచ్చినవాళ్ళకల్లా ఉచితంగా అన్నం వడ్డిస్తున్నాడు. "గరిటె పట్టు బేటీ," అన్నాడు.

వరసలో తోపులాట. పక్కవీధి సభలో బిర్యానీ తిని వచ్చిన యాభైమంది, రెండు మెతుకులు పడగానే పారబోసి మళ్ళీ వరసలో దూరుతున్నారు.

"ఏం బాబా, మేం మనుషులం కాదా?" అని ఎకసెక్కాలు.

వెనక బండల క్వారీ ఆడకూలీలు ఎండలో నిలబడిపోయారు. డేగిశాలో అన్నం అడుగంటుతోంది.

"తలుపు మూసేయండి బాబా!" అంది రెహానా.

బాబా మూయలేదు. అంటు పళ్ళేల దొంతర తెచ్చి నీళ్ళతొట్టి పక్కన పెట్టాడు. ఇంత బూడిద పోశాడు.

"ఎవరి పళ్ళెం వాళ్ళు తోముకుని రండి నాయనా."

"అంట్లు తోమాలా? మేమా?" ఒకడు నవ్వి తువ్వాలు దులుపుకున్నాడు. చూస్తుండగానే వరస పల్చబడింది. కూలీలు కుచ్చెళ్ళు ఎగదోపుకుని తొట్టి చుట్టూ చేరారు.

రెహానా గరిటె అక్కడే వదిలి గదిలోకి పరిగెత్తింది.

వచ్చే ప్రతి అభ్యర్థనకూ ముందొక చిన్న లెక్క ఇచ్చేలా రాసింది. అడిగిన యంత్రం ఆ లెక్క చేసి తెస్తేనే లోపలికి. సైటు మళ్ళీ తెరిచింది. దొంగవన్నీ లెక్కకోసం ఆగకుండా గుమ్మంలోనే రాలిపోయాయి.

ఒక్కటి నిలిచింది. ప్రొద్దుటూరు. మూడేళ్ళ పాప. ఓ నెగటివ్. సాయంత్రంలోగా.

దాతలకు ఫోన్ల మీద ఫోన్లు. ఏడో మనిషి వస్తానన్నాడు. అయిదింటికి పాప తండ్రి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, రక్తం ఎక్కుతోందని చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు.

నమాజు ముగించి వస్తున్న బాబాకు రెహానా ఎదురెళ్ళింది. "దొరికింది బాబా! పాపకి భయం లేదంట!"

"అల్లా దయ. ఆ తండ్రి ఎప్పటినుంచి అడుగుతున్నాడంట?"

రెహానా మొహంలో నవ్వు ఆగిపోయింది.

"తొమ్మిదిన్నర నుంచి. పదకొండుసార్లు ప్రయత్నించాడంట."

బాబా చెప్పులు తొడుక్కున్నాడు.

"ఆ దొంగలకు కావలసిందీ నువ్వు మూయడమేగా, బేటీ."