మద్దిచెట్టు మీది కొండముచ్చు, ఇసుక మీది తీతువు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గవరమ్మ. కొండ దిగువన మేకలు కాస్తూ చెప్పింది. నాకు కూడబలుక్కుని రాయడమే వచ్చు. అయినా కథ మాత్రం ఆమె చెప్పినట్టే రాస్తున్నాను పిల్లలూ. ఇందులో ఒక్క ముక్క కూడా కలపలేదు. కలిపితే ఊరుకునే మనిషి కాదు ఆమె.

నల్లవాగు అడవిలో దుప్పులు, అడవిపందులు, కుందేళ్లు, కొండముచ్చులు ఉండేవి. వాగు పక్కన ఎత్తైన మద్దిచెట్టు ఒకటి ఉండేది. దాని చిటారుకొమ్మ మీద బూదయ్య అనే ముసలి కొండముచ్చు కూర్చునేవాడు. పైనుంచి కొండముచ్చులు లేతాకులు తెంపి పడేస్తే కింద దుప్పులు తినేవి. అడవిలో ఏం జరిగినా బూదయ్య చూసి చెప్పాలి. అది ఆ అడవి కట్టుబాటు.

బూదయ్య చూపు గొప్పది. గొంతు అంతకంటే గొప్పది. కానీ ఏ కబురైనా ఒకేలా మొదలుపెట్టేవాడు.

"మద్దిచెట్టు మీద నుంచి బూదయ్య చెబుతున్నాడు, అందరూ వినండి."

ఆ తర్వాతే అసలు మాట. ఇప్పపూలు రాలినా అదే మొదలు. వాన వస్తున్నా అదే. పందులు బురద కోసం కొట్టుకున్నా అదే.

దుప్పి సంగతి మీకు తెలుసా? చప్పుడు వినగానే చెవులు నిక్కబొడుస్తుంది. అది తెలిసిన చప్పుడే అయితే చెవులు వాల్చి మళ్లీ మేతలో పడుతుంది. మొదట్లో బూదయ్య గొంతు వినబడితే అన్ని చెవులూ లేచేవి. రానురాను "మద్దిచెట్టు" అనగానే వాలిపోయేవి. ఒక అడవిపంది అయితే బురదలో పడుకుని, ఆయనతో పాటు ఆ మాటలన్నీ వల్లించేది.

మందలో చుక్కమ్మ అనే తల్లి దుప్పి ఉండేది. దాని పిల్ల కాలికి ముల్లు దిగి కుంటేది. మంద పరుగెత్తితే ఆ పిల్ల వెనకబడేది. కాస్త ముందుగా కబురు అందితేనే దానికి బతుకు.

ఒక సాయంత్రం వెదురుపొదల వెనక చిరుత కదిలింది. అందరికంటే ముందు చూసింది బూదయ్యే. ఆ మాట ఒప్పుకోవాలి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మద్దిచెట్టు అయింది, పేరు అయింది, వినండి అయింది. చిరుత అనే మాట వచ్చేసరికి చిరుతే వచ్చేసింది. మంద చెల్లాచెదురైంది. చుక్కమ్మ పిల్ల ముళ్లకంపలోకి దూరి బతికింది గానీ ఒక చెవి చిరిగిపోయింది.

మర్నాడు చుక్కమ్మ చెట్టు కిందికి వచ్చింది. ముందు చిరుత పేరు చెప్పు మామా, నీ పేరు తర్వాత చెప్పుకో అని బతిమాలింది. బూదయ్యకు ఒళ్లు మండింది. మా తాత ఇలాగే చెప్పాడు, మా నాన్న ఇలాగే చెప్పాడు, అప్పట్లో మీ వాళ్లకు చెవులుండేవి అని ఎత్తిపొడిచాడు.

వాగు ఇసుకలో, గులకరాళ్ల మధ్య ఒక తీతువు గుడ్లు పెట్టుకుని కాపలా కాస్తోంది. తీతువంటే పొడుగు కాళ్ల పిట్ట. చెట్టెక్కదు, నేల మీదే ఉంటుంది. అది తలెత్తి చూసింది.

"బూదయ్య మామా, నీ మాటలో మొదటి ముక్కే వీళ్ల చెవి దాకా వస్తోంది. అక్కడ నువ్వు కూర్చుంటే చిరుత ఎక్కడ కూర్చోవాలి?"

"నేల మీద గుడ్లు పెట్టేదానివి, చెట్టు మీద వాడికి మాట నేర్పుతావా? సరే, మీకు చిరుతే కదా కావాలి. ఇక నుంచి చిరుతతోనే మొదలుపెడతాను. చాలా?"

అన్నట్టే చేశాడు. చిరుత ఇవాళ కనబడలేదు, ఉసిరికాయలు పండాయి అన్నాడు. మంద హడలిపోయి వాగు దాటి పారిపోయి, సిగ్గుపడుతూ తిరిగి వచ్చింది. తర్వాత రోజు, చిరుత నిరుడు తిరిగిన దారిలో ఇప్పపూలు రాలాయి అన్నాడు. ఇంకో రోజు, చిరుత రంగు మబ్బు పట్టింది, వాన రావచ్చు అన్నాడు. కొన్నాళ్లకు ఆ మాటకు కూడా చెవులు వాలిపోయాయి. పంది కొత్త పాఠం కూడా వల్లించేసింది.

తీతువు పద్ధతి వేరు. ఒక రోజు చోటుతో మొదలుపెట్టేది, వాగు అవతల నక్క తిరుగుతోంది అనేది. మరో రోజు కుందేలు బావా అని పిలిచి, నీ బొరియ దగ్గర పాము ఉంది అనేది. ఒక్కోసారి కూస్తూ కూస్తూ ఠక్కున ఆగిపోయేది. ఆ మౌనానికే అన్నీ తలెత్తి దాని వైపు చూసేవి. కబురు ఏమిటో, ఎవరికి అందాలో చూసుకుని నోరు తెరిచేది. దాని నోట ముందు ఏ మాట వస్తుందో తెలియదు కాబట్టి అన్నీ వినేవి.

ఎండలు ముదిరాయి. గడ్డి ఎండి చిరుత రంగుకు తిరిగింది. ఒక మధ్యాహ్నం చుక్కమ్మ పిల్ల మందకు దూరంగా నీడలో నిలబడి ఉంది.

చిరుత వచ్చింది, చిరుత అని బూదయ్య కేక వేశాడు. ఈసారి నిజమే. అయినా ఒక్క చెవీ లేవలేదు. ఇవాళ ఏం పండాయో అని పంది గొణిగింది.

"చుక్కమ్మా, నీ పిల్ల వెనక గడ్డి ఎందుకు వంగింది?" అని తీతువు అడిగింది.

చుక్కమ్మ తల తిప్పింది. గాలి లేదు. గడ్డి వంగి ఉంది. ముందుకాలు నేలకేసి కొట్టి కూత పెట్టింది. పిల్ల కుంటుతూనే తల్లి వైపు దూకింది. చిరుత పంజా వట్టి నేల మీద పడింది.

ఆకలి మీదున్న చిరుత ఊరుకుంటుందా? మద్దిచెట్టు ఎక్కింది. కింది కొమ్మల్లో బూదయ్య కుటుంబమే కునుకు తీస్తోంది. చిరుత అని ఆయన గొంతు చించుకున్నాడు. ముసలాయనకు ఇదే పని అని కోడళ్లు అటు తిరిగి పడుకున్నారు. ఇక లాభం లేదని ఆయనే కిందికి దిగి, ఒక్కొక్కరినీ తోసి లేపాల్సి వచ్చింది. అందరూ పక్క చెట్టుకు దూకారు. చివరగా దూకిన బూదయ్య తోక సగం చిరుత పంజాలో ఉండిపోయింది.

ఆ రోజు నుంచి మంద మేత వాగు ఒడ్డుకు మారింది. గులకరాళ్ల దగ్గరికి వస్తే దుప్పులు చూసి చూసి అడుగు వేసేవి. తీతువు గుడ్డు ఒక్కటి కూడా నలగలేదు. దాని పిల్లలు ఇసుకంతా తిరిగాయి. చుక్కమ్మ పిల్ల కాలు నయమైంది.

బూదయ్య చాలా రోజులు తీతువు మాట ఎలా మొదలుపెడుతుందో వింటూ కూర్చున్నాడు. ఒక ఉదయం పైనుంచి మెల్లగా అడిగాడు.

"మీలో ఎవరికైనా పొగ వాసన తగులుతోందా?"

అన్ని చెవులూ లేచాయి. కార్చిచ్చు కొండ దిగేలోపే అడవి జీవాలన్నీ వాగు దాటేశాయి.

నీతి: ప్రాణం కాపాడే మాటైనా రోజూ ఒకేలా మొదలుపెడితే ఎవరూ వినరు, చెప్పే సంగతిని బట్టి, వినేవాళ్లను బట్టి మాట మొదలు మార్చాలి.

ఇంకొక్క సంగతి. మా ఊరి బడి గోడ మీద ఈ కథకు బొమ్మలు వేశారు. తీతువు ఉండాల్సిన చోట కాకిని పెట్టారు. కాకి ఇసుకలో గుడ్లు పెట్టడం ఎవరు చూశారు? రంగులేసిన అప్పలసూరిని అడిగితే, ఏదో ఒక పిట్టే కదా తాతా అన్నాడు. అప్పటి నుంచి వాడితో నాకు మాటల్లేవు. కుంచె పట్టగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ కాకిని చెరిపేసి, పొడుగు కాళ్ల తీతువును వేయండి.