రాజుగారి నైవేద్యం

పూర్వం ఒక రాజు తాను దేవుడి అంశనని, ఇకపై పంటలో సగం తనకు నైవేద్యంగా తేవాలని చాటింపు వేయించాడు. సగం పోతే పిల్లల కడుపులు ఎలా నింపాలా అని రైతు పైడమ్మకు బెంగ పట్టుకుంది.

మర్నాడు ఆమె జొన్న సంకటి వండి, ఊరందరితో కలిసి కోటకు వెళ్ళింది. కుండ రాజు ముందు పెట్టి, తెర కట్టి, గంట వాయించింది. తెర తీసి, కుండ ఎత్తుకుని జనానికి పంచసాగింది.

“ఏమే, నాకేదీ?” అన్నాడు రాజు.

“దేవుడు చూపుతోనే ఆరగిస్తాడు గదా ప్రభూ! ఆ తర్వాతదంతా మా ప్రసాదమే.”

“నాకు ఆకలేస్తోందే!”

“అయితే మీరూ మాలాంటి మనిషేనన్నమాట. మనిషికైతే పాత పన్నే కడతాం దొరా.”

రాజు కుండ వంక చూశాడు. “సరే, పాత పన్నే. ముందు వడ్డించు!”

పిల్లలకు వేసినట్టే, పైడమ్మ ఆయనకూ పెద్ద ముద్దే వేసింది.