హదస్సా బరువు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు సుధన్వుడికి తొందర అంటే ఏమిటో తెలియదు. వాడు అన్నం తినడం మొదలుపెడితే అన్నలిద్దరూ తిని, వేటకెళ్లి, తిరిగి కూడా వచ్చేవాళ్లు. ఇంటిల్లిపాదీ వాణ్ణి నత్తయ్య అని ఏడిపించేవాళ్లు.

ఒకనాడు ఏడు సముద్రాల దారిలో ఉన్న హెబ్రీయుల దేశం నుంచి కబురొచ్చింది. ఆ దేశపు రాణికి హదస్సా ఒక్కతే కూతురు. పుట్టినరోజున పిల్లను తక్కెడలో కూర్చోబెట్టి అత్తిపళ్లతో తూచి, ఆ పళ్లు ఊళ్లో పిల్లలకు పంచడం వాళ్లింటి ఆచారం. ఆ ఏడు హదస్సా సరిగ్గా మూడు వేల షెకెళ్లు తూగింది. షెకెల్ అంటే, పిల్లలూ, వాళ్ల తూనికరాయి; గోలీకాయంత ఉంటుంది. పిల్ల ఇంకా తక్కెడ దిగనే లేదు, రోమకుల ద్వీపం నుంచి బాల్బుడనే మాంత్రికుడు ఊడిపడి, ఆమె బరువంతా దోచుకుపోయాడు.

హదస్సా దూదిపింజలా పైకి లేచింది. తల్లి ఆమె నడుముకు పట్టుదారం కట్టి, కొస పట్టుకుని కూర్చుంది. ఆ దారం పోగు పోగూ వీడిపోతోంది. అది తెగితే పిల్ల మబ్బుల్లోకి పోతుంది, ఇక దక్కదు.

మాంత్రికుడికి ఆ బరువెందుకంటారా? వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. చిలుకకేమో ఎగిరిపోవాలని ఒకటే తపన. అందుకని పిల్ల బరువును దాని రెక్కల్లో కుక్కాడు. అయితే ఆ మంత్రానికి ఒక కట్టుబాటుంది. ఆ బరువెంతో రోమకుల తూకంలో సరిగ్గా తూచినవాడికి దాన్ని ఇచ్చేయాలి. తప్పు తూచినవాడు తూనికరాయి అయిపోతాడు.

పెద్దన్న వెళ్లాడు. హెబ్రీయుల షెకెలూ రోమకుల తూనికరాయి ఔన్సూ ఒకటేలే అనుకుని మూడు వేల ఔన్సులు వేశాడు. తక్కెడ ముల్లు ఒరిగింది, పెద్దన్న ఔన్సు రాయి అయిపోయాడు. రెండో అన్న వెళ్లాడు. ఔన్సుకు రెండు షెకెళ్లుంటాయిలే అని అందులో సగం వేశాడు. ముల్లు మళ్లీ ఒరిగింది, వాడూ ఔన్సు రాయి అయిపోయాడు. ఇద్దరూ తొందరపడ్డారు, పాపం.

సుధన్వుడు ముందు రాణి ఇంటికి వెళ్లి తీరిగ్గా కూర్చున్నాడు. పైకప్పు దగ్గర తేలుతున్న హదస్సాకు ఒక అత్తిపండు విసిరాడు. ఆమె పట్టుకుని, నవ్వి, "నేల ఇంకా చల్లగానే ఉందా?" అని అడిగింది. ఆ మాటకు వాడి మనసు కరిగిపోయింది. ఈమె పాదాలు నేల మీద ఆనేదాకా ఇంటి ముఖం చూడకూడదనుకున్నాడు.

"అమ్మా, మీ చేతి కడియం ఒకసారి తూస్తారా?" అన్నాడు రాణితో.

కడియం పన్నెండు షెకెళ్లు తూగింది. రాణి దాన్ని వాడి చేతిలో పెట్టి కళ్లు తుడుచుకుంది. వాడు ముసలి తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు. కాస్త తక్కువ తినకూడదా బాబూ అని తాబేలు దారంతా సణుగుతూనే ఉంది.

పరాయి దేశపు తూనికరాళ్లు మాంత్రికుడి కోటలోకి రానివ్వరు. కడియం తూనికరాయి కాదు గదా! సుధన్వుడు దాన్ని కానుకగా అందించాడు. బాల్బుడికి ఆశ ఆగలేదు. ఎంతుందో చూద్దామని తనే తూచి, అయిదు ఔన్సులు అని మురిసిపోయాడు.

సుధన్వుడికి కావలసింది అదే. పన్నెండు షెకెళ్లంటే అయిదు ఔన్సులు. మూడు వేలలో పన్నెండ్లు రెండువందల యాభై. ఒక్కో పన్నెండుకు అయిదు చొప్పున పన్నెండువందల యాభై ఔన్సులు. పన్నెండు ఔన్సులైతే రోమకుల పెద్ద రాయి, ఒక లిబ్రా. వాడు నేల మీద గులకరాళ్లు పేర్చుకుంటూ, చెరుపుకుంటూ లెక్క కట్టాడు. బాల్బుడు ఆవలించాడు. చిలుక మాత్రం రెప్ప వేయలేదు.

చిలుకను ఒక పళ్లెంలో నిలబెట్టి, సుధన్వుడు రెండో పళ్లెంలో నూటనాలుగు లిబ్రాలు పెట్టాడు. ఇంకా రెండు ఔన్సులు కావాలి. అలమరలో ఔన్సు రాళ్లు బోలెడున్నాయి, అన్నీ చల్లగా ఉన్నాయి. రెండు మాత్రం చేతికి వెచ్చగా తగిలాయి.

"పదండి అన్నయ్యలూ," అంటూ ఆ రెండూ పళ్లెంలో ఉంచాడు.

ముల్లు నిలిచింది. మంత్రం వీడి రాళ్లు రెండూ మనుషులయ్యాయి. అన్నలిద్దరూ పళ్లెంలోంచి దిగి, తమ్ముణ్ణి కావలించుకున్నారు. రెక్కలు తేలికైన చిలుక, వెళ్లొస్తానని చెప్పి, కిటికీలోంచి ఎగిరిపోయింది. ప్రాణం అటు పోతుంటే బాల్బుడు ఇటు ఉండగలడా? కడియం అక్కడే పడేసి దాని వెంట పరుగెత్తాడు. ఇప్పటికీ పరుగెత్తుతూనే ఉన్నాడు.

అక్కడ రాణి ఇంట్లో హదస్సా మెల్లగా తల్లి ఒళ్లోకి దిగింది. చల్లని నేల మీద పాదాలు ఆనించి, దారం వదిలేయమ్మా అంది. రాణికి చేతులు రాలేదు.

పెళ్లినాడు రాణి ఆ దారం కొస సుధన్వుడి చేతికిచ్చింది. "ఇక పట్టుకోనక్కర్లేదు నాయనా. అయినా పట్టుకో," అంది.

వాడు పట్టుకున్నాడు. రెండు దేశాలనూ తొందరపడకుండా, ఎవరి తూకం వాళ్లకు సరిచూసి ఇస్తూ, తల నెరిసేదాకా ఏలాడు. అప్పటికీ ఆ దారం తెగలేదు.